ఇంజను దీపం వెలిగాక అడగాల్సిన ప్రశ్నలు

హిందూపురంలో ఏ కారుకైనా తాళం తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండా స్కానరు తగిలించి చూడండి. ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో ఒత్తిడి సుమారు 94 కిలోపాస్కల్ అని తెర మీద కనిపిస్తుంది. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ చెప్పే అంకె 101. ఈ తేడా చూసి సెన్సరు పాడైందనుకుని కొత్తది వేయిస్తే, ఆ కొత్త సెన్సరు కూడా 94 అనే చూపిస్తుంది. ఎందుకంటే 101 అన్నది సముద్రమట్టం దగ్గరి లెక్క. హిందూపురం దాదాపు 620 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, అక్కడ గాలి ఒత్తిడే అంత. అదే కారును ధర్మవరం తీసుకెళ్తే, ఆ ఊరు ఇంకా పల్లంలో ఉంది కాబట్టి, అంకె 97 దగ్గరికి చేరుతుంది.

సెన్సరు ఉన్నదున్నట్టే చెప్పింది. దాని మాటను సముద్రతీరపు కొలతతో చదివినందువల్ల బాగున్న సామాను చెత్తబుట్టలో పడింది. కారు బోర్డు మీద పసుప్పచ్చ ఇంజను దీపం వెలిగిన ప్రతిసారీ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. స్కానరులో ఒక కోడు వస్తుంది. ఆ కోడు ఏ సామాను పేరు చెబితే ఆ సామాను మార్చేస్తారు. వారం తిరక్కముందే దీపం మళ్లీ వెలుగుతుంది. విదేశీ బండి అయితే ఆ సామాను ధర వేలల్లో ఉండదు, లక్షల్లోకి పోతుంది. గేరుబాక్సు మార్చాలన్న మాట విని బండినే అమ్ముకున్న వాళ్లు ఉన్నారు. వీటిలో చాలా నష్టాలు ఆపగలిగినవే. కోడు ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తే చాలు.

ఈ సంగతి మాట్లాడటానికి పెనుకొండ ప్రాంతం కంటే తగిన చోటు లేదు. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే కర్మాగారం లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది, 2023 జూలైలో ఇక్కడినుంచి 10 లక్షలవ కారు బయటికొచ్చింది. వేరుశనగ చేల మధ్య, కరువుకు పేరుపడ్డ నేల మీద, ఇన్ని కార్లు పుట్టాయి. వాటిని నడిపేవాళ్లూ బాగుచేసేవాళ్లూ ఇప్పుడు పల్లెపల్లెనా ఉన్నారు.

పొగమంచు నుంచి పుట్టిన దీపం

ఇంజను దీపం డ్రైవరు సౌకర్యం కోసం వచ్చింది కాదు, గాలిని కాపాడటానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచీ అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌ను కళ్లు మండించే పొగమంచు కమ్మేసేది. కార్ల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. తర్వాత కాలిఫోర్నియాలో గాలి వనరుల బోర్డు ఏర్పడితే దానికి ఆయనే మొదటి అధ్యక్షుడయ్యాడు. కారు షోరూం నుంచి బయటికొచ్చిన రోజు శుభ్రంగా ఉంటే సరిపోదని, పదేళ్ల తర్వాత కూడా తన పొగను తానే గమనించుకోవాలని ఆ బోర్డు పట్టుపట్టింది. 1988 మోడళ్లతో తొలి తరం ఓబీడీ, అంటే బండిలోనే ఉండే స్వీయ పరీక్షా వ్యవస్థ, వచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే తీరు కోడ్లు, ఒకే 16 కాళ్ల సాకెట్టు ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది.

మన దేశంలో బీఎస్-4 అనే పొగ ప్రమాణాలతో 2010లో మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ ఓబీడీ తప్పనిసరయ్యాయి. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6కు మారింది. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు వచ్చే పొగకు కూడా లెక్క చెప్పాల్సి వచ్చింది. అందుకే కొత్త బండ్లలో దీపం చిన్న విషయానికే వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. పరీక్షలు కఠినమయ్యాయి, బండి తనను తాను పరీక్షించుకునే అంశాలు పెరిగాయి.

స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల పైభాగంలో ఆ 16 కాళ్ల సాకెట్టు ఉంటుంది. అందులో 16వ కాలు నేరుగా బ్యాటరీ ప్లస్సు. 4, 5 కాళ్లు ఎర్తు. 6, 14 కాళ్లు క్యాన్ అనే సమాచార తీగలవి. 1986లో బాష్ కంపెనీ బయటపెట్టిన ఈ పద్ధతిలో ఇంజను కంప్యూటరు, గేరుబాక్సు కంప్యూటరు, బ్రేకుల కంప్యూటరు అన్నీ ఒకే జత తీగల మీద మాట్లాడుకుంటాయి. ఈ జంట తీగల గురించి గుర్తుంచుకోండి, గేర్ల విషయంలో మళ్లీ వస్తాయి.

ఐదు గుర్తుల భాష

పి0301 అనే కోడును విడదీసి చూద్దాం. మొదటి అక్షరం పి అంటే ఇంజను, గేరుబాక్సు విభాగం. సి అయితే చాసిస్, బి అయితే బాడీ, యు అయితే కంప్యూటర్ల మధ్య మాటామంతీ. రెండో స్థానంలో 0 ఉంటే ప్రపంచంలోని అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడు. మూడో స్థానం ఏ వ్యవస్థో చెబుతుంది: 1, 2 అయితే గాలి, ఇంధనం, 3 అయితే నిప్పురవ్వ, మిస్ ఫైరింగ్, 4 అయితే పొగ నియంత్రణ, 7 నుంచి గేరుబాక్సు. చివరి రెండంకెలూ లోపం వివరం. కాబట్టి పి0301 అంటే ఒకటో సిలిండరులో మంట సరిగా అంటుకోవడం లేదని.

ఒక్కసారి తేడా కనిపించగానే కంప్యూటరు దీపం వెలిగించదు. మొదటిసారి లోపం దొరికితే దాన్ని పెండింగ్ కోడుగా రాసిపెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా అదే లోపం కనబడితే అప్పుడు ఖాయం చేసి దీపం వేస్తుంది. వరసగా మూడు ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే దీపం తానే ఆరిపోతుంది. కోడు మాత్రం జ్ఞాపకంలో ఉంటుంది. ఇంజను 40 సార్లు వేడెక్కి చల్లారినా లోపం మళ్లీ రాకపోతే అప్పుడు చెరిగిపోతుంది. దీపం నిలకడగా వెలగకుండా టపటపా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే బండి నెమ్మది చేసి పక్కకు ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతోందని దాని అర్థం.

కోడు నమోదైన క్షణాన కంప్యూటరు ఒక చిత్రం కూడా తీసిపెట్టుకుంటుంది. ఇంజను వేడి ఎంత, ఎన్ని ఆర్‌పీఎం, బండి వేగం ఎంత, ఇంజను మీద బరువెంత అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మెకానిక్కుకు దొరికే అత్యంత విలువైన సాక్ష్యం ఇదే. లోపం చల్లటి ఇంజనుతో బయల్దేరినప్పుడు వచ్చిందా, కొడికొండ దగ్గర హైవే ఎక్కి వంద వేగం అందుకున్నాక వచ్చిందా అన్న తేడా దాంట్లో తెలిసిపోతుంది. స్కానరు పెట్టగానే "ఏం కాదులే సార్, కోడు కొట్టేస్తా, పోతాది" అని ఇరేజ్ నొక్కితే చెరిగిపోయేది ఈ సాక్ష్యమే.

ధర్మవరం పట్టుచీర నేసేవాళ్లకు ఈ విషయం ఒక్క మాటలో అర్థమవుతుంది. బుటాలో ఒకచోట గీత తప్పితే, తప్పు ఎక్కడ పడిందో చీరే చూపిస్తుంది. పడుగులో పోగు తెగిందా, జకార్డు అట్టలో చిల్లు మూసుకుందా, కొక్కెం వంగిందా అన్నది మాత్రం మగ్గం మీద చూసుకోవాలి. చీరలో తప్పు కనబడింది కదా అని జకార్డు మొత్తం మార్చే నేతగాడు ఉండడు. కోడు కూడా అంతే. ఏ పరీక్షలో బండి తప్పిందో చెబుతుంది, కారణం వెతకడం మనిషి పని.

ఈ20 పెట్రోలు, విదేశీ ఇంజను

గాలి, ఇంధనం కోడ్లలో ఎక్కువగా ఎదురయ్యేది పి0171. మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దాని భావం. మామూలు పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మంట తర్వాత మిగిలిన ఆక్సిజనును చూసి, ఇంకాస్త పెట్రోలు పోయమనో తగ్గించమనో చెబుతుంటుంది. ఇలా చేసే సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. స్కానరులో శాతాల్లో కనిపిస్తుంది. సున్నాకు అటూ ఇటూ నాలుగైదు శాతం ఉంటే మామూలే. చాలా బండ్లలో 20 నుంచి 25 శాతం దాటితే కోడు పడుతుంది.

ఇక్కడ విదేశీ బండ్లకు మన కాలంలో కొత్త చిక్కు వచ్చింది. 20 శాతం ఇథనాలు కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభమైంది. 2025 నాటికి దేశంలో దాదాపు అన్ని బంకుల్లోనూ అదే దొరుకుతోంది. ఇథనాలులో ఆక్సిజను ముందే ఉంది కాబట్టి ఒక గ్రాముకు 9 గ్రాముల గాలే చాలు. లెక్క వేస్తే ఈ20కి కావాల్సిన గాలి నిష్పత్తి 13.5 దగ్గర తేలుతుంది. అంటే ఇథనాలు లేని పెట్రోలుకు లెక్కగట్టిన ఇంజను, అంతే గాలికి ఇప్పుడు 9 శాతం దాకా ఎక్కువ పెట్రోలు పోయాలి. 10 శాతం ఇథనాలుకు లెక్కగట్టిన బండి అయితే 4 శాతం ఎక్కువ. 2023 ఏప్రిల్ తర్వాత మన మార్కెట్టు కోసం తయారైన బండ్లు చాలావరకు దీనికి సిద్ధపడి వచ్చాయి. అంతకుముందు దిగుమతైన పెట్రోలు బండికి ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు.

ఈ తొమ్మిది శాతం ఒక్కటే కోడు తేదు. కానీ ఆ బండికి ఉన్న వెసులుబాటులో సగం దాకా ముందే ఖర్చయిపోయినట్టు. ఇదివరకు ఎవరికీ పట్టని చిన్న రబ్బరు పైపు పగులు, దుమ్ము పట్టిన గాలి సెన్సరు, బలం తగ్గిన పెట్రోలు పంపు ఇప్పుడు గీత దాటిస్తాయి. అప్పుడు చూడాల్సింది ట్రిమ్ అంకెల తీరు. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ట్రిమ్ బాగా ఎక్కువ ఉండి, 2500 ఆర్‌పీఎంకు లేపగానే తగ్గితే ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. అందుకు విరుద్ధంగా, వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు సరఫరా చాలడం లేదు, లేదా గాలి సెన్సరు తక్కువ లెక్క చెబుతోంది. రెండు వేగాల దగ్గరా ఒకేలా 8, 9 శాతం ఉంటే ఇంధనమే మారిందని అనుమానించాలి. ఈ మూడు కొలతలకు ఐదు నిమిషాలు చాలు. పి0171 చూడగానే ఆక్సిజన్ సెన్సరు మార్చేవాళ్లు ఆ ఐదు నిమిషాలు వెచ్చించనివాళ్లే.

మిస్ ఫైరింగును కంప్యూటరు కనిపెట్టే తీరు ఇంకా ముచ్చటైనది. సిలిండరు లోపల మంటను చూసే కన్ను ఏదీ మామూలు బండ్లలో లేదు. క్రాంకుషాఫ్టుకు ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా బండ్లలో 60 పళ్ల లెక్కలో రెండు తీసేసి 58 ఉంచుతారు, ఆ ఖాళీయే ఆనవాలు. పన్నుకూ పన్నుకూ మధ్య 6 డిగ్రీలు. 750 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి 40 మిల్లీసెకన్లకు ఒక సిలిండరు మండి షాఫ్టును తోస్తుంది. ఒక పన్ను దాటడానికి పట్టే సమయం సుమారు 1.3 మిల్లీసెకన్లు. ఏదైనా సిలిండరు మండకపోతే ఆ వంతులో షాఫ్టు రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ రవ్వంత ఆలస్యాన్ని కొలిచి, ఎవరి వంతులో జరిగిందో లెక్కగట్టి పి0301, పి0302 అని కంప్యూటరు రాస్తుంది. అందుకే గతుకుల రోడ్డు మీద చక్రాల అదురు షాఫ్టుకు చేరి మిస్ ఫైరింగులా కనిపించే అవకాశమూ ఉంది. కారణం తేల్చడానికి సులువైన దారి ఉంది. ఒకటో సిలిండరు కాయిల్ తీసి మూడో దానికి వేయాలి. కోడు పి0303గా మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషను వరసగా చూసుకోవాలి. ఖర్చు లేని పరీక్ష ఇది.

గేరు ఎందుకు జారుతుంది

ఆటోమేటిక్ గేర్లన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. పెనుకొండలో తయారైన తొలి సెల్టోస్ ఒక్కదాంట్లోనే మూడు రకాలున్నాయి. 1.5 డీజిలుకు ఆరు గేర్ల టార్క్ కన్వర్టరు, 1.5 పెట్రోలుకు ఐవీటీ అనే బెల్టు పద్ధతి, 1.4 టర్బోకు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. 2020లో వచ్చిన సోనెట్‌లో క్లచ్ పెడల్ లేని మాన్యువల్ కూడా చేరింది. ఒక రకానికి చేసే వైద్యం ఇంకో రకానికి విషం. ఐవీటీకి మామూలు గేరు ఆయిలు పోస్తే బెల్టు, పుల్లీలు పాడవుతాయి. డ్యూయల్ క్లచ్ బండిని ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరు తొక్కి నిలబెడితే క్లచ్ ప్లేట్లు కాలతాయి. టార్క్ కన్వర్టరులో ఆ వేడి ఆయిలులోకి పోతుంది, ఆయిలులో మునగని ఈ పొడి క్లచ్చుకు ఆ ఆసరా లేదు. హిందూపురం బజారు రద్దీలో అడుగడుగునా పాకుతూ వెళ్లేటప్పుడు, ముందు కాస్త ఖాళీ వదిలి ఒకేసారి కదలడం డ్యూయల్ క్లచ్ బండికి మేలు.

గేరు జారుతోందని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? చిన్న భాగహారంతో. గేరుబాక్సులోకి వచ్చే షాఫ్టు వేగానికి ఒక సెన్సరు, బయటికి వెళ్లే షాఫ్టు వేగానికి ఇంకొకటి ఉంటాయి. ఉదాహరణకు మూడో గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం. బయటి షాఫ్టు 1600 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే లోపలిది కచ్చితంగా 2400 ఉండాలి. 2700 ఉందంటే నిష్పత్తి 1.69 అయింది. బండి బరువు పట్టి ఉంచడం వల్ల బయటి షాఫ్టు ఒక్కసారిగా మారదు. ఎక్కువైన ఆ 300 చుట్లూ క్లచ్ ప్లేట్లు జారిన చుట్లే. కంప్యూటరు పి0733, అంటే మూడో గేరులో నిష్పత్తి తప్పింది అని రాస్తుంది. ప్లేట్లు ఇంకా కాలకుండా ఒకే గేరులో బిగించి పెడుతుంది. దాన్ని లింప్ మోడ్ అంటారు. బండి బలం చచ్చినట్టు నడుస్తుంది గానీ ఇంటికి చేరుస్తుంది.

అయితే ఈ భాగహారంలో ఏ సెన్సరు తప్పు చెప్పినా జవాబు తప్పే అవుతుంది. ప్లేట్లు జారకపోయినా, లోపలి షాఫ్టు సెన్సరు తీగ అదిరి అంకె ఎగిరితే అదే కోడు రావచ్చు. నిజంగా జారితే ఇంజను మోత ఒక్కసారిగా లేచి వేగం మాత్రం పెరగదు, డ్రైవరుకు తెలుస్తుంది. సెన్సరు తప్పయితే మోత మారదు, అంకె మాత్రం గంతులు వేస్తుంది. రెండు వేగాలూ గ్రాఫుగా చూపించే స్కానరు ఈ తగవు ఒక్క ప్రయాణంలో తీరుస్తుంది. గేరుబాక్సు దించాలన్న నిర్ణయం ఆ గ్రాఫు చూడకుండా తీసుకోకూడదు.

చవక స్కానరుతో తరచుగా దొరికే గేరు కోడు పి0700. దీనికి సొంత అర్థం పెద్దగా లేదు. గేరుబాక్సు కంప్యూటరు దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి దాన్ని అడగమని ఇంజను కంప్యూటరు చెబుతోంది, అంతే. ఆ రెండో కంప్యూటరులోకి వెళ్లగల స్కానరు లేకపోతే పరీక్ష ఇంకా మొదలే కానట్టు. పి0700 చూసి గేరుబాక్సుకు ధర చెప్పే చోట బండి వదలకండి.

గేరు జబ్బులా కనిపించి గేరుది కానిది కూడా ఉంటుంది. 60, 70 వేగంలో యాక్సిలరేటరు తేలిగ్గా నొక్కినప్పుడు బండి గులకరాళ్ల మీద పోతున్నట్టు వణుకుతుంది. అప్పుడు ఎడమకాలితో బ్రేకును దీపం వెలిగేటంత మాత్రమే తాకించాలి, ఖాళీ రోడ్డు మీద, పక్కన తెలిసినవాళ్లు ఉండగా. దాంతో టార్క్ కన్వర్టరు లాక్ విడిపోతుంది. వణుకు ఆగిపోతే లాకప్ క్లచ్చుదో, గేరు ఆయిలుదో జబ్బు. ఆగకపోతే ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి. పార్కింగు నుంచి డీలోకి వేయగానే ధనామని కొడితే ఇంజను మౌంటు రబ్బరు తెగిందేమో మొదట చూడాలి. మౌంటు ఖర్చు గేరుబాక్సు ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఎలుక కొరికిన తీగ

ఊళ్లలో కారు ఇంటి వాకిట్లో, చెనక్కాయ మూటలు వేసిన కొట్టం పక్కనే నిలిపి ఉంటుంది. బెంగళూరులోనో విదేశాల్లోనో ఉండే పిల్లలు కొన్న బండి వాళ్లు వచ్చినప్పుడే కదులుతుంది. వారాల తరబడి నిలబడ్డ బండికి ఇద్దరు శత్రువులు, బ్యాటరీ, ఎలుక.

బ్యాటరీ పూర్తి చార్జీలో విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. 12.2కి దిగితే సగమే మిగిలినట్టు. స్టార్టు కొట్టినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే కంప్యూటర్లు క్షణం సేపు మాట తప్పుతాయి. ఒకేసారి బ్రేకు, స్టీరింగు, గేరు, ఎయిర్‌బ్యాగు కోడ్లు వరసగట్టి పడతాయి. పది కోడ్లు ఒకేసారి కనబడితే పది సామాన్లు పోయాయని భయపడొద్దు. పదింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని వెతకాలి. అది సాధారణంగా బ్యాటరీయో, ఎర్తు బోల్టో, ఒక ఫ్యూజో అవుతుంది.

ఎలుక పని మరో తీరు. ఇంజను తీగల చుట్టను అది కొరికితే యు0101 అనే కోడు రావచ్చు. గేరుబాక్సు కంప్యూటరు నుంచి మాట వినపడడం లేదని అర్థం. గేరు లివరు కదిలినా బండి కదలదు, లేదా ఒకే గేరులో ఉండిపోతుంది. చూసినవాళ్లు గేరుబాక్సు కంప్యూటరు పోయిందంటారు. ఇక్కడే ఆ 6, 14 కాళ్లు పనికొస్తాయి. క్యాన్ తీగల రెండు చివర్లలోనూ చెరో 120 ఓముల నిరోధకం ఉంటుంది. బ్యాటరీ విప్పేసి, మామూలు మల్టీమీటరుతో ఆ రెండు కాళ్ల మధ్య కొలిస్తే చాలా బండ్లలో 60 ఓములు రావాలి, ఎందుకంటే రెండు 120లు సమాంతరంగా ఉన్నాయి. 120 వస్తే దారిలో ఎక్కడో తీగ తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 60 వస్తే మాత్రమే కంప్యూటరు మీద అనుమానం పెట్టుకోవాలి, అదీ దాని ఫ్యూజు, ఎర్తు చూశాక. కొన్ని కొత్త బండ్లలో సాకెట్టుకూ లోపలి తీగలకూ మధ్య ఒక గేట్‌వే ఉంటుంది, అక్కడ ఈ కొలత లోపలి కనెక్టరు దగ్గర తీసుకోవాలి. కొన్ని వందల రూపాయల మీటరు, ఒక నిమిషం ఓపిక, ఈ రెంటికీ లక్ష రూపాయల కంప్యూటరును కాపాడే శక్తి ఉంది.

మా ప్రాంతపు ఎండ గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే గాలిలో గేరు ఆయిలు చల్లబడటం కష్టం. ఆయిలు మాడితే ఎర్రదనం పోయి గోధుమరంగు తిరుగుతుంది, కమురు వాసన వస్తుంది. కొత్త గేరుబాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కంపెనీ చెప్పిన వేడి దగ్గర, బండి సమతలంగా ఉండగా, పొర్లు బోల్టు తీసి మట్టం చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోస్తే, వేడెక్కాక ఎక్కువై నురగ కడుతుంది. అప్పుడు ఒత్తిడి పడిపోయి గేర్లు జారతాయి. బాగుచేయబోయి చెడగొట్టడమంటే ఇదే.

పరదేశి బండి పుట్టుక

విదేశీ బండి అన్న మాటలో మూడు రకాలు కలిసిపోయాయి. తయారై ఓడెక్కి వచ్చినది ఒకటి. 2022 జూన్‌లో భారత్‌కు వచ్చిన కియా ఈవీ6 విద్యుత్ కారు అలాంటిది, దానికి మార్చే గేర్లే లేవు. విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించేది రెండోది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన కార్నివాల్, 2.2 డీజిలు ఇంజను, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో, పెనుకొండలో ఇలాగే బిగించారు. విదేశీ పేరుతో ఇక్కడే తయారయ్యేది మూడోది. బండి ఎక్కడ పుట్టిందో దాని మీద చెక్కిన 17 గుర్తుల చాసిస్ నంబరు చెబుతుంది. అది కె తో మొదలైతే కొరియా, జె అయితే జపాను, డబ్ల్యు అయితే జర్మనీ. పెనుకొండలో పుట్టిన కియాలు ఎంజెడ్‌బీ అని మొదలవుతాయి.

ఆ నంబరుకు ఇంత విలువ ఎందుకంటే, ఒకే పేరున్న బండి దేశాన్ని బట్టి లోపల మారిపోతుంది. అమెరికాలో అమ్మే సెల్టోస్ కొరియాలో తయారై వెళ్తుంది, 2.0 లీటర్ల ఇంజనుతోనో 1.6 టర్బోతోనో వస్తుంది. మన సెల్టోస్‌లో ఆ ఇంజన్లు లేవు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు పంపిన అమెరికా వీడియో చూసి ఇక్కడి గేరుబాక్సుకు ఆయిలు తెప్పిస్తే పొరపాటు జరిగేది అక్కడే. సామాను, ఆయిలు, కంపెనీ సొంత కోడ్ల అర్థం, అన్నీ చాసిస్ నంబరు ఇచ్చి వెతకాలి, బండి పేరు చెప్పి కాదు. పి1తో మొదలయ్యే కోడు ఒక కంపెనీలో ఒక అర్థం, మరో కంపెనీలో వేరే అర్థం.

ఇదే మాట తిరగేస్తే ఎంతో గర్వించదగ్గ నిజం కనిపిస్తుంది. పెనుకొండలో తయారైన సెల్టోస్, సోనెట్ కార్లు ఓడలెక్కి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాయి. జోహానెస్‌బర్గ్ మెకానిక్కుకు పెనుకొండ బండే పరదేశి బండి. అతని తెర మీద వచ్చే పి0301కీ, హిందూపురం షెడ్డులో వచ్చే పి0301కీ అర్థం ఒక్కటే. అతని ఊరు 1700 మీటర్లకు పైన ఉంది కాబట్టి తాళం తిప్పగానే గాలి ఒత్తిడి 82 దగ్గర కనిపిస్తుంది, అతనికది మామూలే. ఈ ఉమ్మడి భాష నేర్చినవాళ్లకు ఏ దేశపు బండీ పరాయిది కాదు.

షెడ్డులో అడగాల్సినవి

బండి షెడ్డులో వదిలే ముందు ఎవరైనా అడగదగ్గ మాటలు కొన్ని ఉన్నాయి. ఇంజనుతో పాటు గేరుబాక్సు కంప్యూటరు కోడ్లూ చదివారా? చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీశారా? బ్యాటరీ వోల్టేజీ ఎంతుంది? ఈ సామాను మార్చాలని ఏ కొలత చూసి చెబుతున్నారు? మంచి మెకానిక్కుకు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. "అన్నా, ఇదిగో చూడు" అని తెర తిప్పి చూపిస్తాడు. కొలతకు పట్టిన గంటకు అతను అడిగే కూలి సంతోషంగా ఇవ్వాలి. సామాను మారిస్తేనే డబ్బు, వెతికితే లేదు అన్న మన అలవాటే మెకానిక్కులను సామాన్లు మార్చేవాళ్లుగా చేస్తోంది.

పది లక్షల కార్లు పుట్టిన నేల ఇది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు బోల్టులు బిగించడంలో ఇప్పటికే ఆరితేరారు. ఐటీఐ బెంచీ మీద ఒక మల్టీమీటరు, గ్రాఫు చూపించే ఒక స్కానరు, చీల్చి పెట్టిన ఒక పాత గేరుబాక్సు, పైన చెప్పిన భాగహారాలు తెలుగులో చెప్పే ఒక మాస్టారు ఉంటే, అదే పిల్లలు లోపం కనిపెట్టడంలోనూ ఎవరికీ తీసిపోరు. విద్యుత్ కార్లు వచ్చినా ఈ చదువు వృథా పోదు. ఇంజను పోవచ్చు, గేర్లు పోవచ్చు, తీగలూ సెన్సర్లూ కంప్యూటర్లూ ఇంకా ఎక్కువవుతాయి. కొలిచాకే మార్చాలన్న క్రమశిక్షణ ఇప్పుడు అలవడితే, రేపటి బండికీ అదే అక్కరకొస్తుంది.